అప్‌డేట్: 14.080 దగ్గర డీకోడ్ కాని ఆ సిగ్నల్ ఏమిటో తెలిసింది

హామ్ రేడియోలో 14.080 మెగాహెర్ట్జ్ దగ్గర అచ్చం ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో చిన్న సందేశాలు పంపే డిజిటల్ మోడ్) లాగే వినిపిస్తున్నా ఒక్కటీ డీకోడ్ కావడం, అంటే అక్షరాలుగా మారడం లేదని అడిగాను కదా, అది ఎఫ్‌టీ4, అలాంటిదే ఇంకా వేగమైన మోడ్. "ముందు టైమ్ లెక్కపెట్టి చూడండి" అన్నవారికి చాలా థ్యాంక్స్, పనిచేసింది అదే. ఎఫ్‌టీ8 అయితే 15 సెకన్లకోసారి మొదలవుతుంది, ఇది సరిగ్గా 7.5 సెకన్లకే. వాటర్‌ఫాల్ (సిగ్నళ్లను పట్టీలుగా చూపే చిత్రం) జూమ్ చేస్తే కంటికీ తేడా తెలిసింది: ఎఫ్‌టీ8 పట్టీ 50 హెర్ట్జ్ వెడల్పుతో సన్నగా, పొడుగ్గా ఉంటే, ఇది 80 పైచిలుకు హెర్ట్జ్‌తో పొట్టిగా, వెడల్పుగా ఉంది. ఎఫ్‌టీ8లో స్వరాలు మెల్లగా, విడివిడిగా మారతాయి. ఇందులో గబగబా మారిపోతూ గరగరలాడతాయి. మోడ్ మార్చగానే తెర నిండా కాల్‌సైన్లు (రేడియో స్టేషన్ల గుర్తింపు పేర్లు), ఎంత సంతోషమేసిందో! కంప్యూటర్ గడియారం, ఆడియో లెవెల్, యాంటెన్నా అన్నీ ముందునుంచీ బాగానే ఉన్నాయి. ఆర్‌టీటీవై (రేడియో టెలిటైప్ అనే పాత మోడ్) కూడా కాదు. దానికి రెండే గీతలు, మధ్య దూరం మామూలుగా 170 హెర్ట్జ్.