నాన్నకి హాస్పిస్ చూస్తున్నాం (బెజవాడ/గుంటూరు): ఏది మంచిదో ఎలా కనిపెట్టాలి?

పటమట_వాసి | మంగళవారం రాత్రి 10:42
అందరికీ నమస్తే. నాన్నకి 71. ఊపిరితిత్తుల క్యాన్సర్, ఎముకల్లోకి పాకింది. కీమో ఇక వద్దు, నొప్పి లేకుండా చూసుకోండి అన్నారు డాక్టరుగారు. అనడం తేలికే. రాత్రి రెండింటికి ఆయన నడుం పట్టుకుని మూలుగుతుంటే నేనూ అమ్మా ఒకరి మొహం ఒకరం చూసుకోవడం తప్ప చేసేదేం లేదు.

అందుకే హాస్పిస్ (నయం కాని జబ్బుకి చివరి రోజుల్లో నొప్పి తగ్గించి చూసుకునే చోటు) వెతుకుతున్నాం. ఇప్పటికి మూడు చోట్లు చూశాం. రెండు బెజవాడ చుట్టుపక్కల, ఒకటి గుంటూరు దగ్గర. మూడింట్లోనూ ఒకే రకం సోఫా, ఒకే డైలాగు: "మీ నాన్నగారిని మా నాన్నగారిలా చూసుకుంటాం." నా డౌట్లు ఇవి. 1) అది నిజంగా హాస్పిసా, బోర్డు మార్చిన వృద్ధాశ్రమమా ఎలా తెలుస్తుంది? 2) మార్ఫిన్ (గట్టి నొప్పి మందు) ఇస్తామంటున్నారు, పర్వాలేదా? 3) అడ్వాన్సు ఎంతవరకు కట్టొచ్చు? 4) ఆయనకి జబ్బు సంగతి పూర్తిగా చెప్పలేదు. అక్కడివాళ్ళు నోరు జారితే?

ఇంకోటి. మాది అద్దిల్లు. ఓనరుగారు మంచాయనే గానీ మొన్న మెట్ల దగ్గర ఆపి "బాబూ, అలాంటిదేమన్నా ఉంటే ముందే చూసుకోండి, మళ్ళీ నక్షత్రం అదీ..." అని నసిగారు. అందుకే తొందర.

బ్రాడీపేట_4_14 | రాత్రి 11:05
సోఫా వదిలెయ్యండి. మంచం కాళ్ళ దగ్గర వేలాడే కాగితం చూడండి. మా మావయ్యగారిని పెట్టిన చోట రెండు గంటలకోసారి పక్కకి తిప్పినట్టు చార్టు రాసేవాళ్ళు. ఒకరోజు సాయంత్రం ఆరింటికి వెళ్ళా. మర్నాడు పొద్దున ఆరింటిదాకా టిక్కులు కొట్టేసి ఉన్నాయి! ఎనిమిది, పది, పన్నెండు, రెండు, నాలుగు, ఆరు. ఒకే పెన్ను, ఒకే వాలు. దుప్పటి తీస్తే నడుం కింద అరచేయంత పుండు. ఆయాని అడిగితే "రాత్రికి నేనొక్కదాన్నేనమ్మా, పద్నాలుగు మంచాలు" అంది. ఆవిడనేం అంటాం?

పేరు అడగొద్దు, వినియోగదారుల కమిషన్‌లో కేసు నడుస్తోంది.

కృష్ణలంక_కుర్రాడు | రాత్రి 11:20
హాస్పిస్ సంగతి తర్వాత. ముందు ఆ ఓనరు ఎవడన్నా? మనిషి పోతుంటే నక్షత్రమా? మా నాయనమ్మని ఇలాగే, ఓనరు మాటలు పడలేక చివరి రోజు అంబులెన్సులో ఊరికి తీసుకెళ్ళాం. కాజ టోల్ గేటు దాటకముందే పోయింది. ఇంట్లో పోకూడదని హైవే మీద పోగొట్టుకున్నాం.

మూడంతస్తుల_మేడ | రాత్రి 11:48
ఓనర్లని తిట్టడం తేలికే తమ్ముడూ. కింద పోర్షన్లో పెద్దావిడ పోయారు, శతభిషం. మేం ఒక్క మాట అనలేదు. పై పోర్షన్ వాళ్ళు పదిహేను రోజుల్లో ఖాళీ చేశారు. కొత్తగా వచ్చినవాళ్ళు గేటు దగ్గరే వాచ్‌మన్‌ని అడిగి వెళ్ళిపోతారు. ఏడు నెలలు రెండు పోర్షన్లూ ఖాళీ. లోను కిస్తీ నువ్వు కడతావా?

పంచాంగం_పక్కింట్లో | బుధవారం ఉదయం 6:10
ధనిష్ఠ, శతభిషం, పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర, రేవతి. ఈ ఐదింటినీ కలిపి ధనిష్ఠా పంచకం అంటారు. ధనిష్ఠలో ఎవరన్నా పోతే ఆరు నెలలు ఇల్లు వదలాలి. శాంతి ఉంది, చేయించుకుంటే దోషం లేదు.

మిర్చి_యార్డు | ఉదయం 7:02
మా తెనాలి వైపు ధనిష్ఠకి మూడు నెలలే అంటారు. మీరు ఆరెక్కడి నుంచి తెచ్చారు?

పంచాంగం_పక్కింట్లో | ఉదయం 7:09
మూడు అన్నది వేరే నక్షత్రాలకి. తెలియకపోతే అడగాలి.

మిర్చి_యార్డు | ఉదయం 7:15
అడిగాంగా, మా పురోహితుడు మూడన్నాడు. ఆయనకీ తెలీదంటారా? ఇల్లు మొత్తం కాదు, పోయిన గది ఒక్కటి మూసినా చాలన్నాడు కూడా.

కృష్ణలంక_కుర్రాడు | ఉదయం 7:31
ఆసుపత్రుల్లో ఆ ఐదు నక్షత్రాల్లోనూ మనుషులు పోతూనే ఉంటారు. ఏ ఐసీయూకైనా ఆర్నెల్లు తాళం వేశారా పంతులుగారూ?

మూడంతస్తుల_మేడ | ఉదయం 7:40
వెటకారం వద్దు. నీ ఇల్లు నువ్వు కట్టుకున్న రోజు మాట్లాడుదువు గాని.

ఫార్మసీలో_35_ఏళ్ళు | ఉదయం 8:15
అసలు విషయానికి వద్దాం. నాది 35 ఏళ్ళ సర్వీసు, చూడని మందు లేదు. మార్ఫిన్ జోలికి పోకండి. దానికి ఎక్సైజు లైసెన్సు, రవాణా పర్మిట్టు, నిల్వకి ఇంకో కాగితం, ఇవన్నీ ఉన్నవాడు ఈ చుట్టుపక్కల ఉండడు. ఉన్నా, ఒకసారి మొదలుపెడితే అలవాటు పడతారు, డోసు పెరుగుతూ పోతుంది, చివరికి ఊపిరి ఆగుతుంది. నొప్పికి ట్రమడాల్ ఇంజెక్షన్ చాలు.

నర్సక్క_గుంటూరు | ఉదయం 9:30
సార్, పెద్దవారు, కోపగించుకోకండి. మీరు చెప్పిన లైసెన్సుల గోల పాతది. 2014లో ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం సవరించారు. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్ లాంటివి ఆరు మందుల్ని అత్యావశ్యక మందులుగా విడదీశారు. ఇప్పుడు రాష్ట్ర డ్రగ్స్ కంట్రోలర్ దగ్గర గుర్తింపు ఒక్కటి ఉంటే ఆసుపత్రి కొనొచ్చు, ఇవ్వొచ్చు. కాబట్టి పటమట గారూ, వెళ్ళిన చోట అడగాల్సిన మొదటి మాట: "మీకు ఆ గుర్తింపు ఉందా, నోటి మాత్రలు స్టాకులో ఉన్నాయా, రిజిస్టరు ఒకసారి చూపిస్తారా?" ఉన్నవాళ్ళు చూపిస్తారు. "అవసరమైతే తెప్పిస్తాం" అన్నారంటే లేవనే. రాత్రి రెండింటికి ఎక్కడి నుంచి తెప్పిస్తారు?

రెండోది. మార్ఫిన్ మొదలుపెట్టిన రోజే విరేచనం సాఫీగా అవడానికి మందు రాశారా చూడండి. మార్ఫిన్‌తో మలబద్ధకం ఖాయం. నాలుగు రోజులు మోషన్ కాక పొట్ట బిగిస్తే, ఆ బాధ ముందు అసలు నొప్పి నయమనిపిస్తుంది. ఆ మందు రాయలేదంటే వాళ్ళకి మార్ఫిన్ వాడటం రాదన్నమాట. లైసెన్సు కంటే నేను దీన్నే నమ్ముతాను.

మూడోది టైము. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి, గడియారం చూసి ఇవ్వాలి. "నొప్పి వస్తే చెప్పండి, అప్పుడిస్తాం" అనే చోట పెట్టకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మాట 1986 నుంచి చెబుతోంది. మధ్యలో నొప్పి తన్నుకొస్తే దానికి వేరే అదనపు డోసు ఉంటుంది. తక్కువతో మొదలుపెట్టి చూసుకుంటూ పెంచితే ఊపిరి ఆగదు. డోసు పెరిగిందంటే చాలాసార్లు జబ్బు పెరిగినట్టు.

ఫార్మసీలో_35_ఏళ్ళు | ఉదయం 9:52
నాకు చట్టాలు చెబుతున్నారా? నేను కౌంటర్లో కూర్చునే నాటికి మీరు పుట్టి ఉండరు.

నర్సక్క_గుంటూరు | ఉదయం 10:04
పుట్టాను సార్. స్కూల్లో ఉన్నాను. ట్రమడాల్‌కి ఒక హద్దుంది, అది దాటితే ఫిట్స్ వస్తాయి. ఎముకల్లోకి పాకిన నొప్పికి అది చాలదు. క్యాన్సర్ వార్డులో పన్నెండేళ్ళు చేశాను, ట్రమడాల్ మీద అరిచి అరిచి పోయినవాళ్ళని చూశాను. మీ కౌంటరు దాకా ఆ అరుపు వినపడదు.

ఫార్మసీలో_35_ఏళ్ళు | ఉదయం 10:06
మర్యాదగా మాట్లాడితే బాగుంటుంది.

అడ్మిన్ | ఉదయం 10:30
ఇద్దరూ కాస్త తగ్గండి. నక్షత్రాల మీద ఇంకెవరూ రాయొద్దు.

లాయరు_గవర్నర్‌పేట | ఉదయం 11:12
వెంటిలేటర్ వద్దు, ఐసీయూ వద్దు అని నాన్నగారే స్పృహలో ఉండగా రాసి పెట్టొచ్చు. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ఒప్పుకుంది. మేజిస్ట్రేట్ దాకా తిరిగే పని 2023లో తీసేశారు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలు.

ఎల్లూరోడ్డు_సుబ్బు | మధ్యాహ్నం 12:40
హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ ఉంది, రోటరీ వాళ్ళది, డబ్బు తీసుకోరు. అక్కడికి తీసుకెళ్ళొచ్చుగా?

అమ్మకి_నేనే | మధ్యాహ్నం 12:58
ఎముకలు అలా ఉన్న మనిషిని ఐదారు గంటలు అంబులెన్సులో కుదిపి తీసుకెళ్ళాలా? పైగా ఇల్లాలు ఇక్కడ, మొగుడు అక్కడ. హాస్పిస్ అంటే రోజూ వెళ్ళి చెయ్యి పట్టుకుని కూర్చోగలిగేంత దగ్గర ఉండాలి. నాకైతే మొదటి పరీక్ష అదే, మీ రిజిస్టర్లూ అవీ తర్వాత.

మిర్చి_యార్డు | మధ్యాహ్నం 1:15
దగ్గరంటే గుర్తొచ్చింది. మా బావగారు బెజవాడలో ఉన్నన్నాళ్ళూ గుంటూరు నుంచి రోజూ కారులో తిరిగా. టోలుకి పోసిన డబ్బుతో ఒక నెల డైపర్లు వచ్చేవి.

ఎల్లూరోడ్డు_సుబ్బు | మధ్యాహ్నం 1:20
నెల పాస్ తీసుకోవాల్సింది.

మిర్చి_యార్డు | మధ్యాహ్నం 1:24
నెల ఉంటాడని మాకేం తెలుసు బాబూ. హాస్పిస్ వాడు మాత్రం నెల అడ్వాన్సు తీసుకున్నాడు. బావగారు తొమ్మిదో రోజు పోయారు. మిగతా ఇవ్వమంటే రసీదు వెనక చిన్న అక్షరాలు చూపించాడు. చేర్చేరోజు మనం రసీదు ముందువైపే సరిగ్గా చూడం, వెనకవైపా! వారానికోసారి కడతామనండి. ఒప్పుకోకపోతే వద్దు. రోజువారీ రేటులో ఏమేం రావో కూడా రాయించుకోండి. మాకు గ్లవ్స్‌కి విడిగా బిల్లేశాడు.

అమ్మకి_నేనే | మధ్యాహ్నం 2:10
నర్సక్క గారూ, అమ్మకి ఫెంటానిల్ ప్యాచ్ (చర్మానికి అంటించే నొప్పి మందు) పెట్టారు. చలికి వణుకుతోందని వేడినీళ్ళ సంచి భుజం మీద పెట్టాం, ప్యాచ్ ఉన్న వైపే. సాయంత్రానికి మత్తుగా పడిపోయింది. చెప్పినవాళ్ళు లేరు.

నర్సక్క_గుంటూరు | మధ్యాహ్నం 2:35
అయ్యో. వేడికి మందు ఒక్కసారిగా లోపలికి దిగుతుంది. ప్యాచ్ మూడు రోజులకోసారి మార్చాలి, వేడి తగలకూడదు. పెట్టేటప్పుడే ఇవి చెప్పాలి. చెప్పకపోవడం వాళ్ళ తప్పు, మీది కాదు.

బ్రాడీపేట_4_14 | సాయంత్రం 4:00
ఇంకో రెండు మాటలు. వెళ్తే ఆదివారం సాయంత్రం, చెప్పకుండా వెళ్ళండి. పేషెంట్ల నోళ్ళు చూడండి. పెదాలు పగిలి, నాలుక మీద తెల్లగా పేరుకుని ఉందంటే పట్టించుకునేవాళ్ళు లేరని. మావయ్యగారిని రెండోసారి మార్చిన చోట ఒక అమ్మాయి గాజుగుడ్డ తడిపి చూపుడువేలికి చుట్టి, ఆయన చిగుళ్ళు తుడిచేది. తుడుస్తూ "కొబ్బరినీళ్ళా, మజ్జిగా తాతగారూ" అనేది. ఆయన మింగలేరు, తనకీ తెలుసు. కళ్ళతో మజ్జిగ వైపు చూపిస్తే రెండు చుక్కలు నాలుక మీద వేసేది. ఆ గదిలో ఏసీ లేదు, గోడ పెచ్చులూడింది. మేం అక్కడే ఉంచేశాం. రోహిణి కార్తెలో కరెంటు పోయినా జనరేటరు మాత్రం రెండు నిమిషాల్లో అందుకునేది, అది కూడా అడగండి.

రెండోది: మీ దగ్గరే పోతే మరణ కారణం ఎవరు రాసిస్తారని అడగండి. ఫారం 4 మీద డాక్టరు సంతకం కావాలి, 21 రోజుల్లో మరణం నమోదు చేయించాలి. డాక్టరు లేని చోట చివరి గంటలో అంబులెన్సు ఎక్కించి పెద్దాసుపత్రికి తోసేస్తారు. అప్పుడిక హాస్పిస్ దేనికి? ఈ ప్రశ్నకి నీళ్ళు నమిలితే అది వృద్ధాశ్రమమే.

పటమట_వాసి | రాత్రి 9:15
అందరికీ థాంక్స్. ఇవాళ ఆ మూడు చోట్లకీ ఫోన్ చేశా. విరేచనాల మందు సంగతి అడిగితే ఒకాయన "అదెందుకండీ?" అన్నాడు. ఒకచోట ఫోన్ పెట్టేశారు. గుంటూరు వైపు ఉన్న చోట నర్సు వెంటనే మందు పేరు, డోసు చెప్పి, "రిజిస్టరు చూద్దురుగాని, శనివారం రండి" అంది. రేటు మిగతావాటి కంటే ఎక్కువే. అప్పటిదాకా ఇంట్లోనే. నాలుగో ప్రశ్న, నాన్నకి జబ్బు సంగతి చెప్పకపోవడం గురించి, ఎవరూ ముట్టుకోలేదు.

అమ్మకి_నేనే | రాత్రి 9:40
మా నాన్నకి తెలీదనే అనుకున్నాం. పోయాక ఆయన డైరీలో గ్యాసు కనెక్షన్ అమ్మ పేరుకి మార్చమని రాసిన అర్జీ దొరికింది. తేదీ చూస్తే స్కానింగ్ అయిన వారమే.

కృష్ణలంక_కుర్రాడు | రాత్రి 9:52
పటమట అన్నా, ఓనరు ఏమన్నా అంటే చెప్పు. మా మేనత్త వాళ్ళ ఇంట్లో కింద గది ఉంది, ఆవిడకి ఈ పట్టింపులు లేవు.

మూడంతస్తుల_మేడ | రాత్రి 10:20
నా దగ్గర ఎయిర్ బెడ్ ఒకటుంది. మా అమ్మది. అటక మీద పడి ఉంది. శనివారం దాకా మీ నాన్నగారికి పనికొస్తుంది, వచ్చి తీసుకెళ్ళండి.

పటమట_వాసి | రాత్రి 10:26
ఎంతకిస్తారండీ?

మూడంతస్తుల_మేడ | రాత్రి 10:31
డబ్బులొద్దు. పంపు రాత్రిళ్ళు గుర్రుమంటుంది, కింద పాత దుప్పటి మడిచి పెట్టండి. ప్లగ్గు కొంచెం లూజు, చూసుకోండి.