సైకో-పాస్‌లో అంత రక్తం అవసరమా?

నీలిరాత్రి

సైకో-పాస్ అనే అనిమే (జపాన్ యానిమేషన్) సిరీస్ మొదలుపెట్టి, మొదటి ఎపిసోడ్ సగంలోనే ఆపేశాను. అందులో పోలీసులు వాడే డామినేటర్ అనే తుపాకీ పేలగానే మనిషి ఒళ్లు ఉబ్బి పగిలిపోయింది. నాకు సైన్స్ ఫిక్షన్ అంటే ప్రాణం. 1995 నాటి అనిమే సినిమా గోస్ట్ ఇన్ ది షెల్ ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. అందులో చెత్త ఎత్తే పని చేసే ఒకతనికి, "నీకు భార్యా లేదు, కూతురూ లేదు, ఆ జ్ఞాపకాలు ఎవరో నీ బుర్రలో పెట్టినవి" అని పోలీసులు చెప్పే సీన్ ఉంది. ఒక్క చుక్క రక్తం లేదు, అయినా గుండె పిండేస్తుంది. సమాజం గురించి చెప్పదలచుకుంటే అలా చెప్పొచ్చు కదా? 22 ఎపిసోడ్లూ ఇలాగే ఉంటే నా వల్ల కాదు. పూర్తిగా చూసినవాళ్లు చెప్పండి, ఈ హింస కథకు కావాలా, లేక షాక్ కోసం పెట్టారా?

పాతరీలు

మీరు ఆపేసిన చోటు తర్వాతే అసలు కథ ఉందండీ. (స్పాయిలర్లు ఉన్నాయి.)

ఆ పేలుడు జరిగినప్పుడు పక్కనే ఒక అమ్మాయి ఉంటుంది, గుర్తుందా? ఆ చచ్చినవాడు ఎత్తుకుపోయి హింసించిన అమ్మాయి. ఆ రక్తమంతా ఆమె మీదే పడుతుంది. ఆ భయంలో ఆమె క్రైమ్ కోఎఫిషియెంట్, అంటే ఆమె నేరం చేసే అవకాశం ఎంతో చెప్పే అంకె, 300 దాటుతుంది. 100 లోపు ఉంటే తుపాకీ పేలదు, 100 దాటితే స్పృహ తప్పిస్తుంది, 300 దాటితే చంపేస్తుంది. అంటే కాపాడటానికి వచ్చిన పోలీసులే ఇప్పుడు బాధితురాలిని చంపాలి. మనుషుల మనసులను కొలిచి ఈ అంకెలు వేసే సిబిల్ సిస్టమ్ లెక్క ప్రకారం అందులో తప్పేమీ లేదు! పోలీసు ఉద్యోగంలో అదే మొదటి రోజైన అకానే, ఆ అమ్మాయికి గురిపెట్టిన తన జట్టులోని కౌగమినే, స్పృహ తప్పించే పారలైజర్‌తో కాల్చి పడేస్తుంది.

ఇప్పుడు ఆ మొదటి చావును నీట్‌గా, ఒక వెలుగు మెరిసి మనిషి మాయమైనట్టు తీసి ఉంటే ఏమయ్యేది? ఆ అమ్మాయి ఎందుకు అంతగా వణికిందో మనకు అర్థం కాదు. అకానే ఎందుకు తిరగబడిందో కూడా అర్థం కాదు. కథ జరిగే 2112లో ఆ నగరం అద్దంలా మెరుస్తుంటుంది, ఎవరి మనసు ఎంత ప్రశాంతంగా ఉందో అంకెల్లో తెలుస్తుంది. ఆ ప్రశాంతతకు వెల ఎవరు కడుతున్నారో చూపించాలంటే తుపాకీ చేసే పని మొత్తం తెర మీదికి రావాల్సిందే. రచయిత గెన్ ఉరొబుచి ఇక్కడ మనల్ని కళ్లు మూసుకోనివ్వలేదు. నా దృష్టిలో అది న్యాయమే.

ఇంకో మాట. ఈ సిరీస్‌లో నన్ను అన్నిటికన్నా కలచివేసింది పేలుళ్లు కాదు, 14వ ఎపిసోడ్. హెల్మెట్ పెట్టుకున్న ఒకడు నడివీధిలో ఒక స్త్రీని సుత్తితో కొట్టి చంపుతాడు. ఆ హెల్మెట్ దగ్గరున్న వాళ్ల రీడింగ్‌ని కాపీ కొడుతుంది కాబట్టి యంత్రానికి నేరం కనపడదు. చుట్టూ జనం నిలబడి చూస్తుంటారు. నేరం అంటే ఏమిటో చెప్పే పని యంత్రానికి అప్పజెప్పేశారు గనక, కళ్లెదుట జరుగుతున్నదాన్ని గుర్తుపట్టే శక్తి వాళ్లలో పోయింది. నాకు కడుపులో తిప్పింది ఆ జనం ముఖాలు చూసి.

చంద్రిక

పాతరీలు గారు చెప్పింది సైకో-పాస్ వరకు ఒప్పుకుంటాను. కానీ పెద్దల సైఫై అనిమేలన్నిటికీ ఈ మాట వర్తించదు. 2004లో వచ్చిన ఎల్ఫెన్ లీడ్ సిరీస్ మొదటి ఎపిసోడ్ చూడండి. కథానాయిక లూసీ ల్యాబ్ నుంచి తప్పించుకుంటుంటే గార్డుల చేతులూ తలలూ తెగి పడుతూనే ఉంటాయి, ఆమె ఒంటి మీద బట్టలు ఉండవు. వెలి వేసిన బిడ్డ ఎలా తయారవుతుందో చెప్పే కథ అంటారు. నిజమే, అనాథాశ్రమంలో తోటి పిల్లలు ఆమె కుక్కపిల్లను చంపే సీన్‌లో ఆ కథ ఉంది. అది ఏడిపించింది. ఆ గార్డుల్లో ఒక్కడి ముఖమైనా గుర్తుందా ఎవరికైనా? చనిపోయినవాడు మనిషిగా లెక్కలోకే రాకపోతే అది విమర్శ ఎలా అవుతుంది? ఆడవాళ్ల శరీరం మీద కెమెరా అంతసేపు నిలబడటం గురించి కూడా మనం మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి.

పాతరీలు

చంద్రిక గారూ, పూర్తిగా ఒప్పుకుంటాను. నేను చూసేది కూడా అదే, పోయినవాడి కోసం కథలో ఎవరైనా ఆగారా లేదా అని. 1988 నాటి అకిరా సినిమాలో చావులకు లెక్కే లేదు, కానీ అదుపు తప్పి ఉబ్బిపోతున్న టెట్సువో శరీరంలో అతని స్నేహితురాలు కవోరి నలిగిపోయేటప్పుడు ఆ బాధ వాడికీ తెలుస్తుంది. ఆపలేకపోతాడు. అందుకే ఆ సీన్ మర్చిపోలేం.

జీరోబిట్

సైబర్‌పంక్: ఎడ్జ్‌రన్నర్స్ (2022) అనే అనిమే సిరీస్ గురించి కూడా చెప్పుకోవాలి. పది ఎపిసోడ్లలో రక్తం ఏరులై పారుతుంది. కానీ అన్నిటికన్నా క్రూరమైనది మొదట్లోనే వస్తుంది. యాక్సిడెంట్‌లో హీరో డేవిడ్ తల్లి నెత్తురోడుతూ పడి ఉంటే, అక్కడికి వచ్చిన వైద్య బృందం వీళ్లు తమ క్లయింట్లు కారని చూసి వదిలేసి వెళ్లిపోతుంది. అలా వదిలేయడానికి కత్తీ అక్కర్లేదు, తుపాకీ అక్కర్లేదు. నీలిరాత్రి గారు అడిగింది ఇలాంటిదే అనుకుంటాను.

నీలిరాత్రి

అవును, సరిగ్గా ఇదే. సైకో-పాస్ మళ్లీ మొదలుపెడతాను. స్కూలు అమ్మాయి హత్యలు చేసి శవాలను బొమ్మల్లా అలంకరించే ఎపిసోడ్లు ఉన్నాయని విన్నాను. అవి వదిలేస్తే కథ అర్థమవుతుందా?

పాతరీలు

6, 7, 8 ఎపిసోడ్లు అవి. 2014లో ఈ సిరీస్‌ని కొత్తగా ఎడిట్ చేసి వేస్తున్నప్పుడు, సరిగ్గా అప్పుడే జపాన్‌లో జరిగిన ఒక నిజమైన హత్య కారణంగా, అందులో ఒక భాగాన్ని టీవీలో వేయకుండా ఆపేశారు కూడా. అయినా వదలకండి. ఆ అమ్మాయి వెనక ఉన్న అసలు విలన్ మకిషిమా ఎలాంటివాడో అక్కడే తెలుస్తుంది. 11వ ఎపిసోడ్‌లో అకానే వాడికి ఎదురుగా డామినేటర్ పట్టుకుని నిలబడుతుంది, అది వాడి మీద పేలనే పేలదు. ముందు వాడెవడో తెలిస్తేనే ఆ క్షణం బరువు అర్థమవుతుంది. శవాలు కనిపించే షాట్లు వస్తున్నాయని సీన్ నడకను బట్టి ముందే తెలిసిపోతుంది, అక్కడ తల తిప్పుకోండి, మాటలు మాత్రం వినండి.