ఈ వారం సమస్య: చచ్చినట్టి వాఁడె సాక్ష్య మిచ్చె

నాగావళి ఒడ్డు: అందరికీ నమస్కారం. మొన్న శుక్రవారం రాత్రి ఆ కొత్త క్రైం సీరియల్ మూడో ఎపిసోడ్ అవ్వగానే మా ఇంట్లో మా ఆవిడా, మా బావా, పక్కింటి గుంటలూ కలిపి నాలుగు వర్గాలుగా విడిపోయి హంతకుడు ఎవడని పన్నెండు దాకా కొట్టుకున్నారు, నాకు మాత్రం అందులో ఆ గోదాము కాంట్రాక్టరు చచ్చాక ఫోన్లోంచి వచ్చిన గొంతు దగ్గరే మనసు ఆగిపోయింది, పొద్దున్న డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర టీ తాగుతుంటే పాదం దానంతటదే వచ్చీసింది.

"చచ్చినట్టి వాఁడె సాక్ష్య మిచ్చె"

ఆటవెలది నాలుగో పాదం, అయిదూ సూర్యగణాలే (గురువూ లఘువూ, లేదంటే మూడు లఘువులు), చకారానికి సాకారం యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జోడీ కుదరాలి. మిగతా మూడు పాదాలు మీవి. సీరియల్ మీదే రాయాలని లేదు, పురాణం పట్టుకొచ్చినా సరే, మన కోర్టు వరండా పట్టుకొచ్చినా సరే. నాలుగో ఎపిసోడ్ మొదలయ్యేలోపు పెట్టీయండి.

పొందూరు నూలు: నేనే బోణీ. అరసున్నాలు టైపు చెయ్యడం రాదు, వదిలీసాను.

ఫోను లోని గొంతు పోలీసు వినగానె
యడుగు జారె నచట హంతకునకు
మట్టి కింద నున్న మనిషి మాటాడెను
చచ్చినట్టి వాఁడె సాక్ష్య మిచ్చె

నాగావళి ఒడ్డు: మూడో పాదం బావుంది, మట్టి కిందున్న మనిషి మాటాడ్డం అనేసరికి ఒళ్ళు జలదరించింది. అయితే సీరియల్లో ఇంకా మట్టి చెయ్యలేదు కదమ్మా, శవం ఐసు ఫ్యాక్టరీలోనే ఉంది.

పొందూరు నూలు: నాలుగో ఎపిసోడ్లో చేసేస్తారులెండి.

పలాస జీడిపిక్క: అసలు ఆ ఐసు ఫ్యాక్టరీలోనే ఉంది కిటుకంతా. డాక్టరు వచ్చి సరిగ్గా రాత్రి 9 గంటల 10 నిమిషాలకి పోయాడని చెప్పేసాడు చూడండి, ఏ డాక్టరూ అలా నిమిషాలతో చెప్పడు, ఇన్ని నుంచి ఇన్ని గంటల మధ్య అంటాడు. మామూలుగా రెండు మూడు గంటల్లో ఒళ్ళు బిగుసుకోవడం మొదలై పన్నెండు గంటలకల్లా అంతా కట్టెలాగ అవుద్ది, మన ఎండల్లో అయితే ఇంకా తొందర. ఐసు మీద పెట్టేస్తే ఒళ్ళు గబుక్కున చల్లబడిపోద్ది గానీ బిగుసుకోవడం, కుళ్ళడం మాత్రం లేటవుద్ది, అంటే ఒక లెక్క ముందుకి లాగుద్ది ఒకటి వెనక్కి లాగుద్ది, టైము గందరగోళం చెయ్యాలనే వాడు ఐసు ఎంచుకున్నాడు. నా ఓటు కంపౌండరుకి.

నాగావళి ఒడ్డు: నువ్వు పద్యం పెట్టలేదు.

పలాస జీడిపిక్క: వస్తంది వస్తంది, గణాలు లెక్కెడుతున్నాను.

గంటస్తంభం నీడ: విజయనగరం వాళ్ళం పురాణం వదిలితే మా ఊళ్ళో మొహం చూపించలేం. ఆదిపర్వంలో కచుడు.

బూదిచేసి సురనుఁ బోసిరి దనుజులు
గురువు దాని మింగె గుట్టెఱుఁగక
కడుపులోని కచుఁడు కథ యెల్ల విప్పెను
చచ్చినట్టి వాఁడె సాక్ష్య మిచ్చె

నాగావళి ఒడ్డు: ఆహా. రాక్షసులు కచుణ్ణి కాల్చి బూడిద చేసి కల్లులో కలిపి శుక్రాచార్యుల చేతే తాగించీయడం, దేవయాని ఏడుస్తుంటే ఆయన సంజీవని చదవడం, పొట్టలోంచి కుర్రాడు జరిగిందంతా చెప్పడం. హత్య చేసినవాళ్ళు శవాన్ని మాయం చెయ్యడానికి ఇంతకంటే మంచి చోటు ఏ సీరియల్ వాడికీ తట్టలేదు, ఎవరైతే బతికించగలడో ఆయన పొట్టే. "గుట్టెఱుఁగక" దగ్గర గణం ముద్దుగా విరిగింది.

పాత బెంచి క్లర్కు: పద్యం బాగుంది, అభ్యంతరం ఒకటి. సంజీవని చదివాకే కదా కచుడు మాటాడింది, అంటే సాక్ష్యం చెప్పేటప్పటికి బతికే ఉన్నాడు. నేను 30 ఏళ్ళు కోర్టులో కాగితాలు మోసినవాణ్ణి, చెప్తున్నాను వినండి. మరణ వాంగ్మూలం ఉంది చూశారూ, పాత 1872 సాక్ష్యం చట్టంలో 32వ సెక్షను, ఇప్పుడు 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో 26, అది చెప్పినవాడు పోతేనే చెల్లుద్ది. బతికి బట్టకట్టాడా, ఆ కాగితం మరణ వాంగ్మూలం కాదు, వాడే వచ్చి బోనెక్కి మళ్ళీ చెప్పాలి. కాబట్టి కచుడికి సమన్లు పంపాల్సిందే. ఇంక నా పూరణ:

న్యాయమూర్తి వచ్చె నాసుపత్రికి రాత్రి
వాని మాట రాసి పట్టుకొనియె
తెల్లవారు సరికి తీరిపోయె నతండు
చచ్చినట్టి వాఁడె సాక్ష్య మిచ్చె

నాగావళి ఒడ్డు: క్లర్కు గారూ మీకు దండం. సమస్య ఇచ్చినప్పుడు నేను అసాధ్యం అనుకున్న మాట చట్టంలో అక్షరాలా ఉందన్నమాట, చస్తేనే సాక్ష్యం. అలంకారం లేదు, చమత్కారం లేదు, ఆసుపత్రి రిజిస్టరు చదివినట్టుంది, అందుకే గుండెకి తగిలింది. ఒక్క సందేహం, "న్యాయమూర్తి" అన్నారు, వచ్చేది మేజిస్ట్రేటు కదా?

పాత బెంచి క్లర్కు: మేజిస్ట్రేటుని ఆటవెలదిలో ఎక్కించి చూడండి, ఒక్క సూర్యగణంలోకీ దిగడు, మూడు గురువులు వరసగా కూర్చుంటాయి. పైగా ఆయన రాసేముందు డాక్టరు పక్కన నిలబడి మనిషి తెలివిలో ఉన్నాడని చెప్తాడు, ఆయన్నీ ఎక్కించలేకపోయాను. వాంగ్మూలం చెప్పిన ఒక అమ్మాయి గొంతు నాకు ఇప్పటికీ... సరే అది వేరే సంగతి.

ఏడురోడ్ల అమ్మడు: నాది కోర్టుదే కానీ రివర్సు.

నాడు చూడలేదు నాకేమి తెలియదు
అన్న నోటితోడ నన్ని చూస్తి
నంచు బోను నెక్కె నందరిలో సిగ్గు
చచ్చినట్టి వాఁడె సాక్ష్య మిచ్చె

గంటస్తంభం నీడ: సిగ్గుని మూడో పాదం చివర దాచి సమస్య మెడ విరిచేసారు, శభాష్. కానీ "బోను నెక్కె" ఏటండీ, ఉత్వసంధి నిత్యం, "బోనెక్కె" అవ్వాలి, అప్పుడు గణం పోద్ది.

ఏడురోడ్ల అమ్మడు: బోనును ఎక్కె. ద్వితీయా విభక్తి. క్లర్కు గారు ఎక్కించిన బోనే, నేను ను చేర్చి ఎక్కించాను.

గంటస్తంభం నీడ: ఒప్పుకున్నాను. వాగ్మూలం వెనక్కి తీసుకుంటున్నాను.

నాగావళి ఒడ్డు: మీ వాదన సరే గానీ ముందు "వాంగ్మూలం" సరిగ్గా రాయండి, సున్నా ఎగిరిపోయింది.

పొందూరు నూలు: అమ్మడు గారి సాక్షి ఎవరో నాకు తెలిసిపోయింది, మొదటి ఎపిసోడ్లో ఏమీ చూళ్ళేదన్న ఆ లారీ క్లీనరే కదా? వాడు రెండో ఎపిసోడ్లో కొత్త చెప్పులేసుకుని తిరుగుతున్నాడు, కెమెరా అర సెకను ఆ చెప్పుల మీద ఆగింది, నేను వెనక్కి తిప్పి చూసాను. ఎవడో డబ్బులిచ్చాడు.

పలాస జీడిపిక్క: నాది రెడీ. చివరి రెండు పాదాలే వచ్చాయి, ఎస్సై మీద.

లాఠి చూపగానె లబలబ మనుకుంటు
చచ్చినట్టు వాఁడె సాక్ష్య మిచ్చె

నాగావళి ఒడ్డు: నవ్వలేక చచ్చాను, కానీ చెల్లదు. "ట్టి"ని "ట్టు" చేసీసావు. ఇచ్చిన పాదంలో అక్షరం మార్చితే ఇంక సమస్యెక్కడుంది, తాళం పగలగొట్టి తలుపు తీసానన్నట్టుంది.

పాత బెంచి క్లర్కు: నా వైపు నుంచి కూడా చెల్లదు బాబూ. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో పనికిరాదు, పాత చట్టంలో 25వ సెక్షను, కొత్తదాంట్లో 23. ఆ సీరియల్లో ఎస్సై క్లీనరుని గదిలోకి తీసుకెళ్ళి రెండు తగిలించి "కేసు క్లోజ్" అన్నాడు చూడండి, అక్కడ నేను టీవీ కట్టేద్దామనుకున్నాను.

కోటగుమ్మం కుర్రోడు: గురువుగారూ నేను కొత్త, ఇదే మొదటి పద్యం, తిట్టకండి. నా డౌటు ఏంటంటే కాంట్రాక్టరు ఫొటోలో వాచీ ఎడం చేతికుంది, శవానికి కుడి చేతికుంది, కాబట్టి

అన్నదమ్ము లిద్ద రచ్చు గుద్దినయట్లు
కవల పిల్లలుండ కథను మార్చి
ఒకడు చావ నొకడు కోర్టుకు వచ్చెను
చచ్చినట్టి వాఁడె సాక్ష్య మిచ్చె

గంటస్తంభం నీడ: కవలలా. మళ్ళీ కవలలా. ఎప్పటినుంచో సినిమాల్లో వాయించి వదిలేసిన డప్పు ఇది.

నాగావళి ఒడ్డు: మొదటి పద్యానికి గణాలు అన్నీ కుదరడమే గొప్ప, మా కాలంలో నాకు ఆర్నెల్లు పట్టింది. మూడో పాదంలో యతి తప్పింది, "ఒ"కి "కో" కుదరదు, అచ్చుకి హల్లు అడ్డం. ఇలా తిప్పి చూడు:

కోర్టుకొకఁడు పోయె గోరీకి నొకఁడేగె

కో, గో కుదిరాయి, గణాలూ కుదిరాయి. ఇంక విషయానికొస్తే, సమస్య ఇచ్చినవాడు ఆ పాదంలోనే ఎక్కడో దారి ఉంచుతాడు, క్లర్కు గారు చట్టంలో వెతికారు, అమ్మడు సిగ్గులో వెతికింది, నువ్వేమో కథలో లేని మనిషిని బయటినుంచి దింపేసావు. సీరియల్ వాళ్ళు మరీ అంత తీసిపోయారని నేననుకోను. వాచీ సంగతి కంటిన్యూటీ తప్పు అయ్యుంటుంది.

కోటగుమ్మం కుర్రోడు: సరేనండి.

పొందూరు నూలు: తొమ్మిదిన్నర అయ్యింది, మొదలైంది. మా వీధిలో కరెంటు ఉంది, దేవుడి దయ.

ఏడురోడ్ల అమ్మడు: ఓలమ్మో ఆ కోర్టు తలుపు దగ్గర ఎవరది

పలాస జీడిపిక్క: వాచీ చూడండి వాచీ

పాత బెంచి క్లర్కు: ఎడం చెయ్యి.

కోటగుమ్మం కుర్రోడు: గురువుగారూ, యతి తప్పింది గానీ మనిషి తప్పలేదండి.

నాగావళి ఒడ్డు: వచ్చే వారం కొత్త సమస్య ఇస్తాను. కందం. కవలలు నిషేధం.