చర్చ: పెద్ద పార్టీల గడప తొక్కే ముందు రెండు కమ్యూనిస్టు పార్టీలు తమలో తాము పొత్తు కుదుర్చుకోవద్దా?

కృష్ణపట్టె (చర్చ ప్రారంభించినవారు)

తెలంగాణలో గత రెండు శాసనసభ ఎన్నికలను పక్కపక్కన పెట్టి చూడమని మనవి. 2018లో సీపీఐ కాంగ్రెస్, తెలుగుదేశం, తెలంగాణ జన సమితులతో కలిసి మహాకూటమిలో చేరి హుస్నాబాద్, బెల్లంపల్లి, వైరా అనే మూడు స్థానాలతో సరిపెట్టుకుంది. అదే ఏడాది సీపీఎం బహుజన వామపక్ష కూటమిని, అంటే మనం బీఎల్ఎఫ్ అని పిలుచుకున్న సంఘటనను నిలబెట్టి వందకు పైగా స్థానాల్లో పోటీకి దిగింది. ఇద్దరికీ దక్కింది సున్నా. 2023లో సీపీఐ కాంగ్రెస్‌తో కలిసి కొత్తగూడెం ఒక్కటి తీసుకుని గెలిచింది; సీపీఎం కాంగ్రెస్‌తో బేరం తెగిపోయి ఒంటరిగా దిగి ఎక్కడా గెలవలేదు.

నా వాదన ఇది. ఈ రెండు పార్టీలు పెద్ద పార్టీ దగ్గరకు విడివిడిగా వెళ్లినంత కాలం ఒకరి అవసరాన్ని చూపి మరొకరి ధర తగ్గించడం ఆ పెద్ద పార్టీకి చాలా సులువు. ముందు ఇద్దరూ కూర్చుని, ఏ నియోజకవర్గం ఎవరిదో తేల్చుకుని, ఒకే జాబితాతో వెళ్లాలి. ఆ జాబితా కుదరకపోతే ఇద్దరూ కలిసి బయటికి రావాలి. ఇందులో కాదనవలసింది ఏమిటో చెప్పండి.

లెక్కల మాస్టారు

కాదనవలసింది ఉంది, అదీ అంకెల్లోనే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1994లో తెలుగుదేశంతో కలిసి సీపీఐ 19, సీపీఎం 15 స్థానాలు గెలిచాయి. 1999లో తెలుగుదేశం బీజేపీ వైపు వెళ్లి వామపక్షాలు బయట నిలిచిపోయినప్పుడు సీపీఎంకు 2 మిగిలాయి, సీపీఐకి ఒక్కటీ రాలేదు. 2004లో కాంగ్రెస్‌తో కలవగానే సీపీఎం 9, సీపీఐ 6 గెలిచాయి. మరి మీరు చెప్పే ఉమ్మడి జాబితా ఈ అంకెలను ఎలా మారుస్తుంది? ఎక్కువ స్థానాల్లో పలచగా పరుచుకుని ఉన్న రెండు చిన్న ఓట్ల కుప్పలను కలిపితే వచ్చేది ఇంకో చిన్న కుప్పే.

ఇంకా వెనక్కి వెళితే విషయం మరింత స్పష్టంగా కనబడుతుంది. 1952లో మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర ప్రాంతంలో కమ్యూనిస్టులు 41 స్థానాలు గెలిచారు. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో వారి ఓట్లు పెరిగి 31 శాతం దాకా చేరాయి, స్థానాలు మాత్రం 196లో 15కు పడిపోయాయి. ఆ మధ్యలో జరిగినదల్లా కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఒక్కటై ఎదుట నిలబడడమే. అప్పటికి కమ్యూనిస్టు పార్టీ చీలనే లేదు, అంటే మీరు కోరుకునే ఐక్యత నూటికి నూరు పాళ్లు ఉన్న రోజులవి. ఆ ఐక్యత సీట్లు తెచ్చిపెట్టలేదు, అవతలివాళ్ల పొత్తు సీట్లు తీసుకుపోయింది.

స్లిప్పుల బల్ల

మాస్టారూ, మీ అంకెలతో నాకు పేచీ లేదు. అయితే పార్టీ ఆఫీసులో కుదిరిన పొత్తు ఊళ్లోకి వచ్చేసరికి ఏమవుతుందో మునుగోడు వైపు ఒక గ్రామంలో పోలింగ్ రోజున స్లిప్పులు రాసే బల్ల దగ్గర కూర్చున్నవాడిగా చెబుతాను.

మునుగోడు సీపీఐ పలుమార్లు గెలిచిన చోటు, 2009లో కూడా ఆ పార్టీ అభ్యర్థి ఉజ్జిని యాదగిరిరావు గెలిచారు. 2018లో పొత్తు ధర్మమని కాంగ్రెస్ అభ్యర్థి కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డికి ఓటు వేయమని ఇంటింటికీ తిరిగాము. 2022లో ఆయన రాజీనామా చేసి బీజేపీ తరఫున ఉప ఎన్నికకు వచ్చారు. బీజేపీని ఆపాలన్న తీర్మానంతో రెండు కమ్యూనిస్టు పార్టీలూ కలిసి టీఆర్ఎస్‌కు మద్దతిచ్చాయి, ఆ అభ్యర్థి దాదాపు పదివేల ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఆ పదివేలలో మా పాలు ఎంతో ప్రతి ఊరికీ తెలుసు. తొమ్మిది నెలలు తిరిగాక, 2023 ఆగస్టులో కేసీఆర్ 115 మంది అభ్యర్థుల జాబితా చదివినప్పుడు అందులో వామపక్షాలకు ఒక్క చోటూ లేదు. ఆ తరువాత రాజగోపాల్ రెడ్డి తిరిగి కాంగ్రెస్‌లోకి వచ్చారు, సీపీఐ కాంగ్రెస్‌తో కలిసింది, మేము మళ్లీ ఆయనకే ఓటు వేయమని అవే గడపలు ఎక్కవలసి వచ్చింది.

ఆ రోజు మా బల్ల దగ్గరకు ఒక పెద్దావిడ వచ్చింది. సాయుధ పోరాట కాలంలో దళానికి అన్నం మోసిన ఇల్లు వాళ్లది. స్లిప్పు చేతికిచ్చాక, "కంకి కొడవలి ఎన్నో నంబరు నాయినా?" అని అడిగింది. ఈసారీ మన గుర్తు లేదు, చెయ్యి గుర్తుకు వేయాలి అన్నాను. "పోయిన తాప కారన్నవు, అంతకు ముందు చెయ్యన్నవు. మన గుర్తు ఎన్నడొస్తదో అది చెప్పు," అని స్లిప్పు మడిచి కొంగున కట్టుకుని బడి వైపు నడిచింది. ఎవరికి వేసిందో నేను అడగలేదు.

కాబట్టి నా ప్రశ్న సీట్ల సంఖ్య గురించి కాదు. ఒక నియోజకవర్గంలో వరుసగా మూడు సార్లు గుర్తు కనబడకపోతే అక్కడ ఓటు బదిలీ చేయడానికి పార్టీ దగ్గర ఓటంటూ మిగులుతుందా?

గోదావరి లంక

ఇప్పటివరకు అందరూ పొత్తును బేరంగానే చూస్తున్నారు. వామపక్ష కూటములు నిలబడిన రాష్ట్రాల్లో అవి ఎలా ఏర్పడ్డాయో గుర్తు చేసుకుంటే చర్చ కొంచెం దారిలో పడుతుందని నా ఆశ.

పశ్చిమ బెంగాల్‌లో 1967లో సీపీఐ, సీపీఎం రెండు వేర్వేరు కూటముల్లో ఉండి ఒకదానిపై ఒకటి పోటీ చేసి, ఫలితాలు వచ్చాక మాత్రమే ఐక్య సంఘటనగా ప్రభుత్వంలో కలిశాయి. 1977లో జనతా పార్టీతో సీట్ల సర్దుబాటు విఫలమయ్యాక సీపీఎం నాయకత్వంలోని లెఫ్ట్ ఫ్రంట్ విడిగా పోటీ చేసి 294 స్థానాల్లో 231 గెలిచింది, అందులో సీపీఐ లేదు. ఎమర్జెన్సీని సమర్థించిన సీపీఐ ఆ నిర్ణయం తప్పని 1978లో భటిండా మహాసభలో ఒప్పుకున్న తరువాతే అక్కడ ఫ్రంట్‌లో చేరే దారి తెరుచుకుంది. కేరళలో కూడా అప్పటిదాకా కాంగ్రెస్‌తో కలిసి ప్రభుత్వం నడిపిన సీపీఐ ఆ బంధం తెంచుకున్నాకే 1980లో ఎల్డీఎఫ్, అంటే అక్కడి వామపక్ష ప్రజాస్వామ్య కూటమి, ఇప్పటి రూపంలో నిలిచింది. అంటే రెండు చోట్లా మొదట తేలినది కాంగ్రెస్‌తో ఎలా ఉండాలన్న రాజకీయ ప్రశ్న, సీట్ల జాబితా ఆ తరువాత వచ్చింది. కృష్ణపట్టె గారు ఈ వరుసను తిరగేస్తున్నారు.

ఇంకొక మాట. బీఎల్ఎఫ్ ఓడిపోయింది కనుక అదంతా వృథా అని తీసివేయడం నాకు నచ్చదు. బీసీ, దళిత, గిరిజన, మైనారిటీ అభ్యర్థులను ముందు వరుసలో నిలబెట్టాలని ఒక కమ్యూనిస్టు పార్టీ బహిరంగంగా ఒప్పుకున్న సందర్భం అది. అది ఎన్నికలకు పదినెలల ముందు పుట్టడమే దాని లోపమని నా అభిప్రాయం. ఓటరుకు కొత్త పేరు అలవాటు కావడానికే ఆ సమయం చాలలేదు.

ఒక విచిత్రం కూడా చెప్పి ఆపుతాను. 2023లో కొత్తగూడెంలో కంకి కొడవలికి ప్రధాన ప్రత్యర్థిగా రెండో స్థానంలో నిలిచినది సింహం గుర్తు. అది బెంగాల్ లెఫ్ట్ ఫ్రంట్‌లో భాగస్వామి అయిన ఫార్వర్డ్ బ్లాక్‌ది. మాజీ ముఖ్యమంత్రి జలగం వెంగళరావు కుమారుడు వెంకటరావు బీఆర్ఎస్ టికెట్ రాక ఆ గుర్తు తెచ్చుకున్నారు. వామపక్ష ఐక్యత మన దగ్గర ఈ స్థితిలో ఉంది.

లెక్కల మాస్టారు

సింహం మాట బాగుంది. కానీ కొత్తగూడెంలో గెలిచింది పొత్తు వల్లనే, 2025 మార్చిలో ఎమ్మెల్యేల కోటాలో సీపీఐకి ఎమ్మెల్సీ వచ్చిందీ పొత్తు వల్లనే. స్లిప్పుల బల్ల వారి బాధ నాకు అర్థమవుతుంది, అయినా గుర్తు కోసం గుర్తు నిలబెట్టి ధరావతు పోగొట్టుకుంటే ఆ పెద్దావిడకు ఒరిగేదేమిటి?

కృష్ణపట్టె

గోదావరి లంక గారి అభ్యంతరం న్యాయమైనదే. కాంగ్రెస్ విషయంలో ఏకాభిప్రాయం లేకుండా ఉమ్మడి జాబితా నిలవదని ఒప్పుకుంటూ నా మాటను కొంత సవరించుకుంటున్నాను. అయితే మాస్టారు అడిగిన చివరి ప్రశ్నకు జవాబు భద్రాచలంలో ఉంది.

అది కుంజా బొజ్జి, ఆ తరువాత సున్నం రాజయ్య చెరి మూడు సార్లు గెలిచిన సీపీఎం స్థానం. 2023లో కాంగ్రెస్‌తో చర్చల్లో సీపీఎం ఆ స్థానం అడిగింది. అక్కడ తమ సిట్టింగ్ ఎమ్మెల్యే ఉన్నారని కాంగ్రెస్ ఇవ్వలేదు. చర్చలు తెగిపోయి, సీపీఎం తన అభ్యర్థిని నిలిపింది. ఫలితాల రోజున పాత ఖమ్మం జిల్లాలోని పది స్థానాల్లో ఎనిమిది కాంగ్రెస్‌కు, ఒకటి సీపీఐకి వచ్చాయి. బీఆర్ఎస్ గెలిచిన ఒక్కటీ భద్రాచలమే. సీపీఎం ఓట్లు కలిసి ఉంటే అక్కడ ఫలితం మారేదని నేను ఖాయంగా అనను, ఓట్లు గంపగుత్తగా బదిలీ కావని మునుగోడు అనుభవం ఇప్పుడే విన్నాము. కానీ ఆ చర్చలు నడిచిన రోజుల్లో సీపీఐ తన కొత్తగూడెంతో పాటు భద్రాచలం కూడా తేలితేనే సంతకం చేస్తానని ఉంటే కాంగ్రెస్ ఏమి చేసి ఉండేది? ఆ మాట సీపీఐ అనలేదు. ఎందుకు అనలేదో ఆ పార్టీలో పనిచేసినవారు ఇక్కడ ఎవరైనా ఉంటే రాయవలసిందిగా కోరుతున్నాను.