టమ్మీ టక్ ఉంది, డేట్ ఆపే గోలీ వేసుకోవచ్చా అక్కలు?

అక్కలందరికి నమస్తే. మాది హన్మకొండ, డాలస్ వచ్చి నాలుగు నెలలైతుంది. రెండు సిజేరియన్లయినంక పొట్ట మస్తు జారింది, ఇంక ఐదు వారాలకు టమ్మీ టక్ (జారిన పొట్టను బిగించే సర్జరీ) ఉంది, డేట్ కూడ సరిగ్గ అప్పుడే పడ్తది. ఇంటికెల్లి తెచ్చుకున్న ప్రిమోలట్-ఎన్ ఉంది, వేసుకుంటె అయిపోతదా? కడుపు రాకుండ రోజూ పిల్ ఎట్లాగు వేసుకుంటున్న. సర్జరీ ఫారంల ఇవేవి రాయలె.

—

చెల్లె, ముందుగాల ఆ గోలీలు పక్కన పెట్టు. కోపం కాదు, భయమై చెప్తున్న. మనకాడ సద్దుల బతుకమ్మ అన్న, మేడారం అన్న, ఇంట్ల వ్రతమన్న మెడికల్ షాపుకు పోయి అది తెచ్చుకునుడే, ఎవ్వరం దాన్ని మందు లెక్కల పెట్టం. గని అది హార్మోన్ గోలీనే, 5 మిల్లీగ్రాములయి రోజుకు మూడు వేసుకుంటరు గద, అంత డోసుల అండ్ల కొంత ఒంట్ల ఈస్ట్రోజెన్‌గ మారుతది, రక్తం గడ్డకట్టే రిస్క్ పెంచేది ఆ ఈస్ట్రోజెనే.

ఇగ నీ రోజు పిల్ పట్టీ తిప్పి చూడు, ఇథినైల్ ఎస్ట్రాడియాల్ అని ఉంటె అండ్ల కూడ ఈస్ట్రోజెన్ ఉన్నట్టే, మన మాలా-డి కూడ గదే. కాస్మెటిక్ సర్జరీలల్ల గడ్డల భయం ఎక్కువున్న వాట్లల్ల టమ్మీ టక్ ఒకటి, కుట్లు గుంజుతయని వంగి నడుస్తవ్, ఎక్కువసేపు పండుకునే ఉంటవ్, కాలు పిక్కల గడ్డ పుట్టి ఊపిరితిత్తులకు పోయిందంటె ప్రాణం మీదికొస్తది. అందుకే గిసొంటి సర్జరీకి ఈస్ట్రోజెన్ పిల్ కనీసం 4 వారాల ముందు ఆపి, అయినంక 2 వారాల దాక మొదలుపెట్టొద్దంటరు. ఈస్ట్రోజెన్ లేకుండ ప్రొజెస్టిన్ అనే ఇంకో హార్మోన్ ఒక్కటే ఉన్న చిన్న డోసు పిల్, మిరెనా లూపు, చేతిల ఇంప్లాంట్ అయితె మామూలుగ ఆపమనరు. నీ అంతట నువ్వు ఆపకు, సర్జన్‌ను అడుగు, గని నీకు ఉన్నది ఐదు వారాలే కాబట్టి ఈ వారంలనే అడగాలె. ఇంట్ల ఎవరికన్న కాళ్లల్ల గడ్డలైనయా అమ్మను కూడ అడిగి చెప్పు.

నేను పిల్ ఆపినప్పుడు మూడో రోజే డేటొచ్చింది, తర్వాతి నెల పది రోజులు లేటయింది, కడుపేమో అని ఒకటే పరేషాన్. ఆపిన కాడికెల్లి కండోమ్ వాడాలె, సర్జరీ పొద్దుగాల కూడ ప్రెగ్నెన్సీ టెస్టు చేస్తరు. డేట్ ఎక్కువ పోతదంటె హిమోగ్లోబిన్ ముందే చూపించుకో.

ఆ రోజే డేటొచ్చిందా, వస్తె రానీ, దానికోసం సర్జరీ ఆపరు. నర్సుకు చెప్తె ప్యాడ్ పెట్టుకోనిస్తరు, ట్యాంపాన్, కప్ మాత్రం పెట్టుకోకు. ఇంట్ల దూరం కూసునుడు అలవాటైనోళ్లం, చెప్పనీకి నోరు రాదు, నాకూ రాలె. చెప్పు చెల్లె.

—

మాది కరీంనగర్, ఇక్కడ ఫార్మసీల చేస్త. ప్రిమోలట్ అంటె ఇక్కడ ఎవ్వరికి తెల్వది, పట్టీ మీద నోరెథిస్టిరోన్ అని ఉంటది చూడు, అదే మందును అమెరికాల నోరెథిండ్రోన్ అంటరు. ఫారంల ఆ పేరు రాయి, పట్టీ ఫోటో కూడ చూపించు. 2023ల అప్రూవ్ అయిన ఓపిల్ (కడుపు రాకుండ వేసుకునే గోలీ) డాక్టర్ చిట్టీ లేకుండ దొరుకుతది కాబట్టి దాన్నీ రాయరు మనోళ్లు, రాయాలె.

ఇంకోటి, సర్జరీల కండరాలు వదులు చేసే మందుకు విరుగుడుగ సుగమాడెక్స్ ఇస్తె పిల్, ఇంప్లాంట్, మిరెనా ఏదున్న 7 రోజులు కండోమ్ కూడ వాడాలె, వాంతులు కాకుండ ఎమెండ్ ఇస్తె నెల దాక. ఏం ఇచ్చిండ్రో డిశ్చార్జప్పుడు అడిగి రాపించుకో.

—

అమ్మో, ఇవేవి తెల్వదక్క. పట్టీ చూసిన, ఇథినైల్ ఎస్ట్రాడియాల్ ఉంది. రేపే ఫోన్ చేస్త. సర్జరీ అయినంక మూడు వారాలకు వరంగల్ పోదామని టికెట్ చూస్తున్న, పోవచ్చా?

—

అది కూడ రేపే అడుగు, అప్పటిదాక టికెట్ కొనకు. 4 గంటలు దాటి కూసునే ప్రయాణానికే గడ్డల రిస్క్ పెరుగుతది, హైదరాబాద్ దాక ఒక దినం పడ్తది. అయినంక ఒక్క కాలే వాచి నొప్పి లేస్తె అప్పుడే డాక్టర్‌కు ఫోన్ కొట్టు, ఛాతీల పొడిచినట్టయినా దమ్మొచ్చినా 911కే, ఇంట్లోళ్లకు కూడ ఇప్పుడే చెప్పి పెట్టు. పిల్లల్ని చూసుకోనీకి ఎవ్వరు లేకుంటె చెప్పు, మొదటి వారం నేనొస్త.