తొలి కాన్పు తర్వాత ఐదో నెల దాకా బిడ్డ పుట్టింట్లోనే ఉండాలా? తండ్రి మాటేంటి?

పాలకొల్లు నాన్న (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మాకు పాప పుట్టి రెండు నెలలు దాటింది. తొలి కాన్పు కాబట్టి శ్రీమంతం అవగానే మా ఆవిడని పుట్టింటికి తీసుకెళ్ళారు. వాళ్ళది రాజోలు దగ్గర పల్లెటూరు. చించినాడ వంతెన దాటితే దూరం మరీ ఎక్కువేం కాదు గానీ, డ్యూటీ దిగేసరికి రాత్రవుతుంది, రోజూ వెళ్ళి రావడం కుదరదు. ఆదివారాలే దిక్కు.

వెళ్ళినప్పుడు ఏం జరుగుతుందంటే, అల్లుడొచ్చాడని ఇల్లంతా హడావిడి. టిఫిన్, కాసేపటికి భోజనం, మళ్ళీ టీ. ఈలోపు పాప పడుకుంటుంది. లేస్తే పాలు, స్నానం, మళ్ళీ నిద్ర. నేను ఎత్తుకోబోతే "మెడ నిలవలేదు బాబూ, జాగ్రత్త" అని అత్తయ్యగారు కింద చేతులు పట్టి నిలబడతారు. కాస్త ఏడిస్తే చాలు, తీసేసుకుంటారు. వాళ్ళది ప్రేమే, కాదనను. కానీ నా కూతుర్ని నేను చుట్టంలా చూసొస్తున్నాను.

ఐదో నెలలో సారె పెట్టి పంపుతాం అంటున్నారు. మూడో నెలలోనే తీసుకొచ్చేస్తానని నేనంటున్నాను. ఇంట్లో మా అమ్మ ఉంది, పిల్ల పని నేనూ చేస్తాను. రెండు వైపులా పెద్దవాళ్ళు ఒప్పుకోవట్లేదు. మా నాన్నగారైతే "మిమ్మల్ని నేను ఎత్తుకుని తిప్పానా? మీరు పెరగలేదా?" అన్నారు. తండ్రి ఇలా కోరుకోవడం తప్పా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

మండపేట అమ్మమ్మ

బాబూ, నీ కోరిక తప్పని నేననను. తొందరపడుతున్నావని మాత్రం అంటాను. మా ఆడపిల్లలందరికీ నేనే పురుళ్ళు పోశాను, ఆ లెక్కన చెబుతున్నాను. పుట్టింట్లో ఉంచేది పిల్ల కోసం కాదు నాయనా, తల్లి కోసం. పచ్చి బాలింత. నడుం పట్టేసిందనీ, పథ్యం కూర సయించలేదనీ కన్నతల్లికి చెప్పినట్టు అత్తగారికి చెప్పలేదు, ఆ అత్తగారు ఎంత మంచిదైనా సరే. మీ అమ్మని తక్కువ చేసి అనడం లేదు.

ఇంకోటి. పిల్ల పని నేనూ చేస్తాను అన్నావు. స్నానం చేయించగలవా? గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. రెండు కాళ్ళ మధ్య పల్లంలో పిల్లని పడుకోబెట్టుకుని, నలుగు పెట్టి, నీళ్ళ వేడి మోచేత్తో చూసుకుని, ముక్కులోకి నీళ్ళు పోకుండా నుదుటి మీద అరచెయ్యి అడ్డం పెట్టి పొయ్యాలి. బోర్లా తిప్పినప్పుడు గడ్డం కింద మన చెయ్యి ఉండాలి. నూనె ఒంటి మీద జారిపోతుంది పిల్ల. ఇది పుస్తకం చూసి వచ్చే పని కాదు. ఐదో నెలకి మెడ నిలుస్తుంది, ఒళ్ళు గట్టిపడుతుంది. అప్పుడు తీసుకెళ్ళు, ఎవరు కాదంటారు?

రావులపాలెం కోడలు

అమ్మమ్మగారు చెప్పిన మొదటి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. మా అమ్మ దగ్గర ఉన్నన్నాళ్ళూ పిల్లాడు పడుకున్నప్పుడల్లా నేనూ పడుకున్నాను. అత్తారింటికి వచ్చిన మర్నాడే పొద్దున్న కాఫీలు నా వంతు. ఎవరూ చెయ్యమనలేదు, కానీ నేను మంచం మీద ఉంటే ఎవరికీ బాగోదు కదా.

రెండో మాట మాత్రం ఒప్పుకోను. నేను ఐదో నెలలో వచ్చేసరికి మా బాబు వాళ్ళ నాన్నని చూసి గుక్కపట్టి ఏడ్చాడు. ఆయన భయపడి నాకిచ్చేశారు. మర్నాడూ అంతే. కొన్నాళ్ళకి అదే అలవాటైపోయింది. ఇప్పుడు వాడికి ఏడాదిన్నర. ఇప్పటికీ వాడు ఏడిస్తే ఆయన నోట వచ్చే మొదటి మాట "ఏమేవ్, ఏడుస్తున్నాడు చూడు" అనే. మంచాయనే, వాడంటే ప్రాణం పెడతారు. కానీ పిల్లాణ్ణి ఊరుకోబెట్టడం ఆ మొదటి నెలల్లో నేనూ మా అమ్మా నేర్చుకున్నాం, ఆయనకి నేర్చుకునే వీల్లేకపోయింది. ఇప్పుడు నేను జ్వరంతో పడుకున్నా వాడికి నేనే కావాలి.

పాలకొల్లు నాన్నగారూ, మీ అమ్మ ఏమంది, మీ నాన్న ఏమన్నారు, అత్తయ్యగారు ఏమన్నారు, అన్నీ రాశారు. మీ ఆవిడ ఏమంటోంది?

తణుకు మాస్టారు

సెలవుల సంగతి ఎవరూ ఎత్తలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైనా, మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకైనా పితృత్వ సెలవు 15 రోజులు ఉంది. ఇద్దరు పిల్లల వరకే వర్తిస్తుంది. పుట్టిన రోజే వాడుకోవాలని లేదు, కాన్పైన ఆరు నెలల లోపు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. 2017లో చట్టం మార్చి తల్లులకి మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు చేశారు. ప్రైవేటులో తండ్రికి ఇంత ఇచ్చి తీరాలని చట్టం లేదు, కంపెనీ దయ.

ఉన్నవాళ్ళు కూడా వాడుకోవడం లేదు, అదీ నా బాధ. మా స్టాఫ్‌రూంలో ఒక కుర్ర టీచరు ఈ సెలవు పెడితే "కాన్పు నీకా, మీ ఆవిడకా" అని నెలంతా ఆటపట్టించారు. బిడ్డ పుట్టుక దగ్గర తండ్రికి పనేంటన్నట్టు మాట్లాడే మనమే, రేపు ఆ పిల్లాడు చదువులో వెనకబడితే "తండ్రి పట్టించుకోలేదు" అంటాం.

కోత మిషను, అత్తిలి

నా మాట చాలామందికి నచ్చకపోవచ్చు. నాకు కోత మిషనుంది. సార్వా కోతలు, దాళ్వా కోతలు వచ్చాయంటే ఇంటి మొహం చూడను. మిషను మీద ఫైనాన్సు ఉంది, వాయిదా ఆగితే మిషను పోతుంది. రాత్రంతా పిల్లని ఎత్తుకుని తిరిగి పొద్దున్నే ఆ మిషను ఎక్కితే ఏమవుతుందో నాకు తెలుసు. పిల్లని పోషించడం కూడా పెంచడమే. నెలల పిల్లకి తల్లి పాలు, అమ్మమ్మ చేతులు కావాలి. నడక వచ్చాక, మాటలు వచ్చాక తండ్రి వంతు మొదలవుతుంది. మా పెద్దాడు ఇప్పుడు నా వెనకే తిరుగుతాడు. నెలల పిల్లాడిగా వాణ్ణి నేను పెద్దగా ఎత్తుకోలేదు, అయినా ప్రేమేం తగ్గలేదు.

ఆకివీడు చెరువులు

అత్తిలి అన్నగారికి. పని సంగతే అయితే నేనూ చెప్పగలను. రొయ్యల చెరువులున్నవాళ్ళకి అసలు రాత్రి నిద్రే ఉండదు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి, నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే, వెంటనే జనరేటర్ వెయ్యకపోతే పెట్టుబడంతా పైకి తేలుతుంది. అందుకే అర్ధరాత్రి దాటాక గట్టు మీదకి ఒకసారి, తెల్లారేలోపు మళ్ళీ ఒకసారి వెళ్ళాలి.

మా రెండోవాడప్పుడు మా అత్తయ్యగారికి ఒంట్లో బాగోక, మా ఆవిడ ఇక్కడే ఉండిపోయింది. ఎలాగూ మెలకువగా ఉంటాను కదా అని రాత్రి వంతు నేను తీసుకున్నాను. పాలు ఆవిడ ఇస్తుంది, ఇచ్చి వెంటనే పడుకుంటుంది. తర్వాతదంతా నాదే. భుజం మీద వేసుకుని, గడ్డం భుజానికి ఆనేలా పెట్టి, వీపు మీద కింది నుంచి పైకి నిమురుతూ వరండాలో తిరిగేవాణ్ణి. ఒక్కోసారి త్రేన్పు చటుక్కున వచ్చేస్తుంది, ఒక్కోసారి ఎంతకీ రాదు. రాకుండా పడుకోబెడితే పాలు కక్కేసి మళ్ళీ మొదటికొస్తుంది. ఆకలి ఏడుపు వేరు, కడుపునొప్పి ఏడుపు వేరు, ఉత్తినే ఎత్తుకోమని ఏడ్చేది వేరు. ఆకలైతే తల అటూ ఇటూ తిప్పుతూ నోటితో వెతుక్కుంటాడు, కడుపునొప్పి అయితే మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుంటాడు. పక్కనుండి వింటే అన్నీ ఒకేలా ఉంటాయి. చేతుల్లో ఉంటేనే తేడా తెలుస్తుంది. నడక వచ్చాక మొదలుపెట్టేవాడికి ఇవి తెలిసే వీలు లేదు.

కాకినాడ నుంచి

అత్తిలి గారి మాట మీద ఒక్క విషయం. నెలల పిల్లకి తల్లితోనే పని, తండ్రి ఒంటికి దానితో సంబంధం లేదని మనందరి నమ్మకం. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 600 మందికి పైగా మగవాళ్ళని కొన్నేళ్ళపాటు గమనించి 2011లో ఫలితాలు ప్రచురించారు. తండ్రులైనవాళ్ళలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను బాగా తగ్గింది. రోజుకి మూడు గంటలో అంతకంటే ఎక్కువో పిల్లల పని స్వయంగా చేసేవాళ్ళలో ఇంకా తక్కువగా ఉంది. అంటే పిల్లల్ని ఎత్తుకుని తిరిగే మగవాడి ఒళ్ళు కూడా ఆ పనికి తగ్గట్టు మారుతుందన్నమాట.

లంక ఊరి మనిషి, పి.గన్నవరం వైపు

మీరందరూ ఐదో నెలా, మూడో నెలా అని మాట్లాడుతున్నారు. మా కోనసీమలో ఇంకో రకం ఇళ్ళున్నాయి. తల్లి కువైట్‌లో, మస్కట్‌లో ఇంటి పని చేస్తుంటుంది, పిల్లలు తండ్రి దగ్గర పెరుగుతారు. మాదీ అలాంటి ఇల్లే. ఇంటి పనికి వెళ్ళే ఆడవాళ్ళకి ముప్ఫై ఏళ్ళు నిండాలని రూలు. మా ఆవిడకి నిండాక, అప్పులు తీరే దారి ఇంకోటి కనపడక వెళ్ళింది. అప్పటికి చిన్నదానికి మూడేళ్ళు.

మా అమ్మ ఉంది, కానీ పెద్దావిడ, కంటి చూపు సరిగ్గా లేదు. కాబట్టి అన్నం పెట్టడం, తలకి పోయడం, పేలు చూడటం, పెద్దదానికి రెండు జడలు వెయ్యడం అన్నీ నేనే. జడ సంగతే చెబుతాను. పాపిడి వంకర పోతే స్కూల్లో పిల్లలు ఏడిపిస్తారని తను కదలకుండా కూర్చునేది. దువ్వెన కొసతో నుదుటి నుంచి మెడ దాకా గీత గీసి, ఒక పక్క జుట్టుకి రబ్బరు పెట్టేసి, అప్పుడు రెండో పక్క అల్లాలి. తడి జుట్టు అల్లితే ఆరాక వదులైపోతుంది. ఇవన్నీ పక్కింటి వదినగారు నేర్పారు.

కువైట్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ ఆ ఇంటివాళ్ళ పని తెమిలి తను ఫోను పట్టుకునేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది. పిల్లలు నిద్రపోతుంటారు. లేపొద్దంటుంది. కెమెరా వాళ్ళ మొహాల మీద పెట్టమంటుంది. నేను ఫోను పట్టుకుని నిలబడతాను, తను చూస్తుంది. మాట్లాడుకునేది శుక్రవారం పగలు మాత్రమే, అదీ సెలవిస్తే.

నేను చెప్పేదొకటే. మా ఊళ్ళో మగవాళ్ళు పిల్లల పని నేర్చుకునేది భార్య విమానం ఎక్కాకే. ఆ మొదటి నెలల్లో పిల్లలు పడే అవస్థ చూడలేం. తల్లి లేదన్న దిగులు ఒకటి, కొత్త చేతులు ఇంకొకటి. చిన్నది నా చేత్తో అన్నం తినడానికే ఎంతో కాలం పట్టింది. అవసరం నెత్తి మీదకి రాకముందే, తల్లి పక్కనుండగానే తండ్రి చెయ్యి పిల్లకి అలవాటవ్వాలి. పాలకొల్లు తమ్ముడూ, నీకు ఆ అదృష్టం ఉంది. అది మూడో నెలా ఐదో నెలా అన్నది మీ ఇంటి సౌకర్యం. నేర్చుకోవడం మాత్రం ఇప్పుడే నేర్చుకో.

స్టాఫ్ నర్సు, భీమవరం

రోజూ పుట్టిన పిల్లల వార్డులో పని చేస్తాను. మెడ నిలవలేదని తండ్రికి ఇవ్వకపోవడం సరికాదు. బరువు తక్కువగా పుట్టిన పిల్లల్ని కూడా తండ్రి ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టిస్తున్నాం. ఈ కంగారూ పద్ధతి 1970ల చివర్లో కొలంబియా దేశంలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలక మొదలైంది. తల్లి కోలుకోనప్పుడు తండ్రే చేస్తారు. ఒక చెయ్యి తల, మెడ కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద ఉంటే చాలు.

మండపేట అమ్మమ్మగారూ, మీరు చెప్పిన స్నానం చక్కగా ఉంది. ఒకటి రెండు మాటలు కలుపుతాను. సాంబ్రాణి పొగ పిల్ల మీద పట్టొద్దు, ఊపిరితిత్తులకి మంచిది కాదు. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వద్దు. ఏడాది నిండే దాకా తేనె నాకించొద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదు.

మండపేట అమ్మమ్మ

తేనె, నూనె సంగతి మా మనవడి డాక్టరూ చెప్పాడమ్మా, మానేశాం. సాంబ్రాణి మానడానికి మనసొప్పడం లేదు, జుట్టు ఆరాలి కదా. సరే, గుడ్డతో తుడుస్తాంలే. ఐదో నెల మాట మాత్రం నేను వదలను. పాలకొల్లు బాబూ, లంక ఊరాయన రాసింది చదివాక నాకొకటి తోచింది. పిల్లని తీసుకెళ్ళే బదులు నువ్వే వెళ్ళి ఉండు. సెలవు పెట్టుకుని అత్తారింట్లో దిగు. మర్యాదలొద్దని ముందే చెప్పు. మీ అత్తగారు పిల్లకి నీళ్ళు పోసేటప్పుడు పక్కన కూర్చో, రెండ్రోజులయ్యాక పిల్లని నీ కాళ్ళ మీద వెయ్యమను.

పాలకొల్లు నాన్న

రావులపాలెం కోడలుగారు అడిగాక మా ఆవిడతో నిన్న రాత్రి కూర్చుని మాట్లాడాను, ఫోన్లోనే. తనకి ఇంకా నడుం నొప్పి తగ్గలేదట, ఇప్పుడే రాలేనంది. "నువ్విక్కడికొస్తే నాకు రాత్రుళ్ళు కాస్త తెరిపిగా ఉంటుంది" అని కూడా అంది. మాది ప్రైవేటు కంపెనీ, పితృత్వ సెలవు లేదు. ఉన్న ఎర్న్‌డ్ లీవులు అడిగాను, మేనేజరు వచ్చే వారం నుంచి సరే అన్నారు. మా నాన్నగారు ఇల్లరికం వెళ్తున్నావా అంటున్నారు. అననివ్వండి.

ఐదో నెల గురించి మాత్రం నా అభిప్రాయం మారలేదు. నాలుగో నెలలో ఎందుకు తీసుకురాకూడదో ఇప్పటికీ నాకు ఎవరూ సరైన కారణం చెప్పలేదు. అది తన ఆరోగ్యం చూసి, ఇద్దరం అనుకుని చేస్తాం.

నర్సు గారూ, ఒక్క సందేహం. ఆరు వారాల టీకాలు రాజోలు వైపు ప్రభుత్వాసుపత్రిలో వేయించారు. పదో వారంవి నేను అక్కడుండగానే పడతాయి, నేనే తీసుకెళ్తాను. పద్నాలుగో వారానికి పాలకొల్లు వచ్చేస్తే ఇక్కడ వేస్తారా? మళ్ళీ అక్కడికే వెళ్ళాలా?

స్టాఫ్ నర్సు, భీమవరం

ఏ ప్రభుత్వాసుపత్రిలోనైనా, మీ వీధి టీకాల రోజునైనా వేస్తారు. తల్లీబిడ్డల కార్డు మర్చిపోకుండా తీసుకెళ్ళండి, వేసిన తేదీలు అందులో రాసి ఉంటాయి. పదో వారం టీకా రోజు రాత్రి పాపకి కాస్త జ్వరం రావచ్చు, సూది వేసిన తొడ వాయవచ్చు, భయపడకండి. జ్వరం మందు ఎన్ని చుక్కలో పాప బరువు చూసి అక్కడి సిస్టర్ చెబుతారు, అడిగి కార్డు వెనక రాయించుకోండి. ఆ రాత్రి ఎక్కువగా ఎత్తుకోమని ఏడుస్తుంది. మీరుంటారు కాబట్టి మీ ఆవిడని పడుకోనివ్వండి.