అప్‌డేట్: మంగళగిరి కాటన్ మీద వేసిన బ్లాక్ ప్రింట్ ఉతికితే పోతోందని అడిగాను కదా, తేలింది

రిప్లై ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండి. నేను విజయవాడలో ఇంట్లోనే కుర్తీలు కుట్టి, చెక్క అచ్చులతో పిగ్మెంట్ రంగులు వేస్తాను, మొదటి ఉతుకుకే ఎర్ర పువ్వులు పొట్టు లేచిపోయి బకెట్లో తేలాయని అప్పుడు రాశాను.

మీలో ఒకరు పెడన వెళ్ళి అడగమన్నారు, అదే పనికొచ్చింది. బందరు దగ్గర పెడనలో అచ్చులేసే ఒక పెద్దాయన నా గుడ్డ చూసి ఏం మాట్లాడకుండా దాని మీద ఒక నీటి చుక్క వేశారు, అది ఇంకకుండా ముత్యంలా అలాగే నిలబడింది, "గంజి పోలేదమ్మా, రంగు గుడ్డకి కాదు గంజికి పట్టింది" అన్నారు. మగ్గం మీద నేసేటప్పుడు పడుగుకి గంజి పెడతారు కదా, నేను ఊరికే నీళ్ళలో జాడించి వేసేస్తున్నా.

ఇప్పుడు రాత్రంతా నానబెట్టి, వాషింగ్ సోడా, సబ్బు వేసి మరిగించి, చుక్క వెంటనే ఇంకితేనే అచ్చు వేస్తున్నా. పూర్తిగా ఆరాక వెనక వైపు నుంచి కాటన్ వేడి మీద, ఆవిరి లేకుండా, ఒక్కో చోట కొన్ని నిమిషాలు ఇస్త్రీ. నాలుగు ఉతుకులయ్యాయి, రంగు కదల్లేదు.

రంగు నిలవాలని వేసిన ఉప్పు, వెనిగర్ పిగ్మెంట్‌కి పనిచెయ్యలేదు, దాన్ని పట్టించేది బైండరూ (రంగుని గుడ్డకి అతికించే జిగురు లాంటిది) వేడీనే. రంగు బ్రాండ్ మార్చక్కర్లేదు, పాతదే వాడుతున్నా. పాడైన మొదటి కుర్తీ మాత్రం బాగుపడలేదు.